వాపస్ వేరు, రిటర్న్ వేరు

గొంతు పాడై డాక్టరు దగ్గరికి పోతే ఆయన టార్చి వేసి లోపలంతా చూసి, "ఇందులో ఇంకా కొంచెమే మిగిలింది, చూసి వాడుకోండి" అన్నాడు. ఏళ్ళ తరబడి కంప్యూటరు పాఠాలు చెప్పిన గొంతు అది. తక్కువ మాట్లాడమన్నాడు గానీ రాయొద్దని అనలేదు. అందుకని ఉద్యోగం చాలించుకుని కాగితం మీద పడ్డాను. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలూ, మీకు జావా చెప్పడం నా ఉద్దేశం కాదు. అది మీ ఫోనే చెప్తుంది. నేను చెప్పేది ఒక్క మాట గురించి. పాఠం చెప్పడానికి నేను ముచ్చటపడి ఎంచుకున్న ఆ మాట వల్ల ఒక మనిషి కొద్దిలో మళ్ళీ విమానం ఎక్కేవాడే.

కరీంనగర్ బస్టాండుకు దగ్గరలో, ఒక వెల్డింగ్ షాపు పైన ఉండేది మా ట్రైనింగ్ సెంటర్. కింద వెల్డింగ్ ముట్టించగానే పైన స్క్రీన్ల మీద అక్షరాలు వణికేవి. కొందరు పిల్లలు సరిగ్గా ఆ సమయం చూసుకుని తప్పులు రాసేవాళ్ళు. అడిగితే వేలు కిందికి చూపించేవాళ్ళు. మే నెలలో కరెంటు పోయిందంటే కీబోర్డులు మెత్తబడేవి. ఒకమ్మాయి వేలిముద్ర సెమికోలన్ బటన్ మీద అట్లాగే పడిపోయింది. నమ్మనివాళ్ళకు చూపించడానికి ఆ కీబోర్డు ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ దాన్ని కడిగేసింది.

అక్కడ ఇద్దరం పంతుళ్ళం. రెండో ఆయనది నిర్మల్ కాబట్టి అందరికీ నిర్మల్ సారే. వాళ్ళ ఇంట్లో కొయ్యబొమ్మలు చేసేవాళ్ళు. వాళ్ళ నాన్న చేసిన కొయ్య మామిడిపండు ఒకటి ఆయన టేబులు మీద ఎప్పుడూ ఉండేది. పసుపు మీద ఎరుపు తిరిగి, తొడిమ దగ్గర చిన్న సొన మరకతో సహా అచ్చం పండే. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి మాటల్లో పడి దాన్ని తీసి కొరికాడు. పంటి గుర్తు నేను చూశాను. పన్ను కూడా అందులోనే ఉండిపోయిందని నేను చెప్తుంటాను. నిర్మల్ సార్ మాత్రం, "పన్ను లేదు. నువ్వే పెట్టినవ్ దాన్ని" అనేవాడు.

మా ఇద్దరికీ తగవు ఒక్కటే. ప్రోగ్రామింగ్ మాటలు ఇంగ్లీషులో ఎట్లా ఉన్నాయో అట్లాగే చెప్పాలని ఆయన. ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోకి దించాలని నేను. మెథడ్ అంటే ఒక పని కోసం విడిగా రాసిపెట్టుకున్న కొన్ని లైన్లు. దాన్ని పేరు పెట్టి పిలుస్తాం. పిలిచి దాని చేతిలో ఏదో పెడతాం. అది పని చేసి, పిలిచినవాళ్ళ చేతిలో ఫలితం పెడుతుంది. అట్లా పెట్టడమే రిటర్న్. ఈ రిటర్న్‌కు నేను కనిపెట్టిన మాట "వాపస్". కరీంనగర్‌లో పుట్టి వాపస్ తెలియనివాడు ఎవడుంటాడు? మెథడ్‌కు ఇస్తావు, అది వాపస్ ఇస్తుంది. పిల్లలు తలలూపేవాళ్ళు. నేను బోర్డు తుడిచేటప్పుడు నిర్మల్ సార్ వైపు చూసి మరీ తుడిచేవాణ్ణి.

ఆ బ్యాచ్‌లో అందరికన్నా పెద్దవాడు ఒకడుండేవాడు. చొప్పదండి దగ్గరి పల్లె. గల్ఫ్‌లో ఏ దేశం పోయినా మా దిక్కు దుబాయ్ అనే అంటారు కాబట్టి పిల్లలు అతనికి దుబాయన్న అని పేరు పెట్టారు. మొదటిరోజు నేను అడిగాను.

"ఏం పని చేసినవయ్యా అక్కడ?"

"గోదాంల సార్. సామాను లోపలికి, సామాను బయటికి. మా సూపర్‌వైజర్‌కు కంప్యూటర్ కొట్టరాకపోయేది. నన్ను కొట్టుమనేటోడు."

"మరి కొట్టినవా?"

"ముందు కంప్యూటర్‌నే కొట్టిన సార్. ఆయన్ను కొట్టాలనిపించినప్పుడు కూడా కంప్యూటర్‌నే కొట్టిన. గట్ల నేర్చుకున్న."

వచ్చిన కొత్తలో అతను బాగానే నడిచాడు. మెథడ్ల దగ్గర ఆగిపోయాడు. నేనిచ్చిన లెక్క చిన్నది. మొదటి మెథడ్‌కు ఎన్ని బస్తాలో చెప్తే మొత్తం బరువు కట్టాలి. రెండో మెథడ్ ఆ బరువు తీసుకుని, మోయడానికి ఎన్ని ట్రాక్టర్లు కావాలో చెప్పాలి. అతని మొదటి మెథడ్ బరువును తెర మీద ప్రింట్ చేసి ఊరుకుంది. రెండోదానికి ఏమీ అందలేదు. సున్నా ట్రాక్టర్లు కావాలంది.

"గిదేంది సార్. బరువు స్క్రీన్ మీద అంత పెద్దగ కనపడుతుంది గద. రెండోదానికి కండ్లు లెవ్వా?"

"లెవ్వు. దానికి చేతులే. చేతుల పెడితేనే తీసుకుంటది. స్క్రీన్ మీద చూపెట్టుడు మనిషి కోసం."

అతనికి ఎక్కలేదు. పక్క టేబులు నుంచి నిర్మల్ సార్ లేచి వచ్చి కొయ్య మామిడిపండు అతని ముందు పెట్టాడు.

"తిను."

"కొయ్యది సార్."

"కనపడుతుంది గద. తిను మరి."

క్లాసంతా నవ్వింది. అతను నవ్వలేదు. పండును చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా టేబులు మీద పెట్టాడు.

"సమజైంది సార్. మా బిడ్డకు నేను గిదే."

క్లాసు అయిపోయాక కింద మా ఇద్దరితో చాయ తాగుతూ మిగతాది చెప్పాడు. అతను పోయేటప్పటికి బిడ్డ తల్లి కడుపులో ఉంది. పుట్టింది, పాకింది, నడిచింది, పాలపళ్ళు వచ్చాయి. అంతా వీడియో కాల్‌లోనే. ఆ పిల్లకు తండ్రి ఫోన్లో ఉండే మనిషి. ఇతను పెట్టె మోసుకుని ఇంటికి వచ్చిన రోజు ఆ పిల్ల ఎగాదిగా చూసి, తల్లి కొంగు వెనక్కి పోయి, "ఫోన్ల బాపు కావాలె" అని ఏడ్చిందట.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు ఏడుస్తలేదు సార్. అన్నం తినిపిస్తె తింటది. కని బాపు అనది. 'ఓ' అంటది. నేను పక్క అర్రల కూసోని ఫోన్ చేస్తె మాత్రం మంచిగ మాట్లాడుతది. బాపూ, గదేంది, గిదేంది అని అన్ని అడుగుతది. ఫోన్ పెట్టేసి నేను ఈ అర్రలకు వస్తె మళ్ళ 'ఓ'."

నిర్మల్ సార్ తన చాయ అతని గ్లాసులో పోశాడు.  

అసలు సంగతి అప్పుడు బయటికి వచ్చింది. అతనికి కొత్త వీసా తయారుగా ఉంది. పాస్‌పోర్టు గల్ఫ్‌కు పంపే ఏజెంటు దగ్గర ఉంది. ఇటు కరీంనగర్‌లోనే ఒక విత్తనాల కంపెనీ, గోదాం పని తెలిసి చిన్న చిన్న ప్రోగ్రాంలు రాయగలిగిన మనిషి కోసం పరీక్ష పెడుతోంది. ఆ పరీక్ష రోజు సాయంత్రానికే ఏజెంటుకు అవునో కాదో చెప్పాలి. పరీక్షలో గట్టెక్కితే ఉంటాడు. లేదంటే పోతాడు.

"మా ఇంటామె ఏమన్నదో తెల్సా సార్? పోతె పో, కని ఇగ ఆ ఫోన్ నా చేతికి ఇచ్చి పోకు, ఫోన్ల మనిషే బాపు అని ఆ పిల్లకు నేను చెప్పలేను అన్నది."

నేను పెద్ద ధీమాగా, "ఫికర్ చెయ్యకు. మెథడ్లు వచ్చినంక ఇంకేం లేదు. నేనున్న" అన్నాను. అప్పటికి నా గొంతు బాగుండేది.

ప్రింట్‌కూ రిటర్న్‌కూ తేడా తెలిశాక అతని చేయి మారింది. మధ్యలో ఒక పిల్లాడు అతనికి దొంగదారి చూపించబోయాడు. బరువు దాచుకునే వేరియబుల్‌ను మెథడ్లన్నిటికీ బయట, పైన పెట్టేస్తే ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకునే బాధ ఉండదు అన్నాడు. దుబాయన్న ఒప్పుకోలేదు.

"మా క్యాంపుల అందరికి ఒక్కటే ఫ్రిజ్ తమ్మీ. నేను పెరుగు పెట్టేటోన్ని. పొద్దున చూస్తె గిన్నె ఉండేది, పెరుగు ఉండకపోయేది. ఎవలు తిన్నరని అడిగితె ఎవలు తినలే. నాకు పైన పెట్టుడు వద్దు. చేతికి చేతికే మంచిది."

అట్లా పైన పెట్టే గ్లోబల్ వేరియబుల్స్ ఎందుకు ప్రమాదమో చెప్పడానికి నేను అంతకుముందు ఒక గంట తీసుకునేవాణ్ణి. ఆ తర్వాత పెరుగు గిన్నె అని చెప్పి చాయకు పోయేవాణ్ణి.

పరీక్ష దగ్గర పడ్డాక అచ్చం ఆ కంపెనీ పెట్టేలాంటి లెక్క ఒకటి తయారుచేసి అతనికి ఇచ్చాను. మళ్ళీ బస్తాలు, బరువు, ట్రాక్టర్లే. అతను రాశాడు. ఎర్రర్ లేదు. ప్రోగ్రాం చక్కగా నడిచి, మూడు వందల బస్తాల వడ్లు తీసుకుపోవడానికి ఒక ట్రాక్టరు కూడా నిండదని చెప్పింది. అంటే మా జిల్లా పంటంతా నాలుగు ఆటోల్లో మిల్లుకు చేరిపోవచ్చు.

నేను కోడ్ చూశాను. బరువు సరిగ్గా కట్టాడు. కట్టిన బరువును లోపలే ఉంచేశాడు. చేతికి ఇచ్చిన బస్తాల సంఖ్యనే రిటర్న్ చేశాడు. రెండో మెథడ్ ఆ మూడు వందలను కిలోలనుకుంది.

"గిట్ల ఎందుకు చేసినవయ్యా?"

"మీరే చెప్పిండ్రు గద సార్, వాపస్ ఇయ్యాలని."

"ఇయ్యాలె. బరువు ఇయ్యాలె."

అతను నా వైపు వింతగా చూశాడు. "బరువు ఎవలు ఇచ్చిండ్రు సార్ నాకు, వాపస్ ఇయ్యనీకి? నాకు ఇచ్చింది బస్తాలు. తీసుకున్నది తీసుకున్నట్టు ఇచ్చుడే వాపస్. గోదాంల ఒక పెట్టె తీసుకొని ఇంకో పెట్టె వాపస్ ఇస్తె నౌకరి పోతది."

   వెనక బెంచీల్లోకి పోయి మిగతావాళ్ళవి చూశాను. సగం మందివి అట్లాగే ఉన్నాయి. ఎవరి బస్తాలు వాళ్ళకు భద్రంగా అప్పజెప్పి కూర్చున్నారు. వాళ్ళది తప్పు కాదు. వాపస్ అంటే ఆ మాటకు మా దగ్గర ఉన్న అర్థం అదే. నేను పదేళ్ళుగా దాన్ని బోర్డు మీద రాస్తూ, ఒక్కసారి కూడా చెవి పెట్టి వినలేదు.

నిర్మల్ సార్ తన టేబులు దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

"ఇంట్ల మాటలు, ఇంట్ల మాటలు అన్నవ్. చూడు, ఇంట్లనే ముంచినయ్."

"నవ్వుడు తర్వాత. ఎల్లుండి పరీక్ష. ఏం చేద్దాం చెప్పు."

ఆయన కాసేపు మామిడిపండును టేబులు మీద దొర్లించాడు. తర్వాత దుబాయన్నను పిలిచాడు.

"మీ ఊళ్ళె గిర్ని ఉన్నదా?"

"ఉన్నది సార్."

"జొన్నలు పట్టిచ్చుటానికి పోతవ్. గిర్ని ఆయన చేతికి జొన్నల సంచి ఇస్తవ్. జరసేపయినంక ఆయన జొన్నలే వాపస్ ఇస్తె ఏమంటవ్?"

"గిర్ని కరాబైందా అని అడుగుత."

"పిండి ఇస్తె?"

"తీసుకొని ఇంటికి పోత."

"నా జొన్నలు నాకు వాపస్ ఇయ్యలే, మోసం అని కొట్లాడవా?"

దుబాయన్న స్క్రీన్ వైపు చూశాడు. తన మెథడ్‌లో లోపలే ఉండిపోయిన బరువు మీద వేలు పెట్టాడు.

"పిండి లోపల్నే పెట్టుకొని జొన్నలు ఇచ్చిన్నా సార్?"

"గంతే."

"మరి సార్ దీన్ని వాపస్ అని ఎందుకన్నడు?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను కిటికీ దగ్గరికి పోయి వెల్డింగ్ చూశాను.

ఆ తర్వాత రెండు రోజులూ అతను రిటర్న్ అనే మాట అనలేదు. పిండి అనేవాడు. ప్రోగ్రాంలో కూడా ఆ లైను పక్కన "ఇక్కడ పిండి" అని రాసుకునేవాడు. ప్రింట్ అంటే మాత్రం అతనికి భయం పట్టుకుంది. ఎక్కడ కనిపించినా కొట్టేసేవాడు. నేను గమనించి ఉండాల్సింది. నా బుర్ర అప్పుడు గిర్నిలో ఉంది.

పరీక్ష గదిలో నేను లేను. అతను కొంత చెప్పాడు, పరీక్ష పెట్టిన అమ్మాయి తర్వాత కొంత చెప్పింది. వాళ్ళిద్దరూ చెప్పకుండా వదిలేసింది నేను కలుపుకున్నాను. ఏది ఎవరిదో ఇప్పుడు నాకు కూడా గుర్తు లేదు.

ఆ అమ్మాయి కంపెనీలో ప్రోగ్రామర్. అతనికన్నా చాలా చిన్నది. లెక్క ఇచ్చింది. గోదాంలోకి వచ్చిన విత్తనాల సంచులు ఒక మెథడ్‌కు, వాటి బరువు ఇంకో మెథడ్‌కు, అందులోంచి తడిసి పాడైనవి తీసేయడం మూడోదానికి. ఇతను రాసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చి ప్రోగ్రాం నడిపింది.

తెర నల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

ఆమె మళ్ళీ నడిపింది. మళ్ళీ నలుపే.

"ఏం రాలే గదన్నా."

ఇక్కడ అతను నాకు చెప్పిన మాట చెప్పాలి. ఆ నల్ల తెరలో తన ముఖం కనిపించిందట. ఫోన్ కాల్ కట్ అయినప్పుడు కనిపించేది సరిగ్గా అదే ముఖమట. లేచి పోదామనుకున్నాడు. కుర్చీ వెనక్కి జరిపాడు కూడా. ఆమె తర్వాతి మనిషిని పిలవడానికి తలుపు వైపు తిరిగింది.

"చెల్లె, జర ఆగు" అన్నాడు. "పిండి అయింది."

"ఏమైంది?"

"పిండి పట్టుడు అయిపోయింది. సంచి చేతులనే ఉన్నది. మూతి విప్పి చూపెట్టలే, గంతే."

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అతని వేలు తెర మీద నడుస్తూ ఉంటే ఆమె కళ్ళు దాని వెంట పోయాయి. ఈ మెథడ్ దీని చేతిలో పెట్టింది. ఇది దాని చేతిలో పెట్టింది. అది అన్నిటినీ పిలిచే మెయిన్ చేతిలో పెట్టింది. మెయిన్ దాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఎవరికీ చూపించలేదు. చివర్లో అతను ప్రింట్ లైను ఒకటి చేర్చాడు. లెక్క వచ్చింది. ఆమె సంచులు మార్చి నడిపింది. సరిగ్గా వచ్చింది. తడిసినవి ఎక్కువ చేసి నడిపింది. సరిగ్గానే వచ్చింది.

"ప్రింట్ చేసి రిటర్న్ మరిచిపోయేవాళ్ళనే చూసిన గని, రిటర్న్ చేసి ప్రింట్ మరిచిపోయినోళ్ళను ఇయ్యాల్నే చూస్తున్న" అందట ఆ అమ్మాయి. "చూపెట్టుడు నేర్చుకోవచ్చు. ఇచ్చుడే చాలామందికి రాదు."

ఈ చివరి మాట ఆమెదో నాదో అని నిర్మల్ సార్‌కు అనుమానం. ఉండనివ్వండి.

మేమిద్దరం కంపెనీ గేటు ఎదురుగా చాయ బండి దగ్గర ఉన్నాం. ఎండ ఎంత ఉందంటే చాయ పోసినప్పటికన్నా తాగేటప్పుడు వేడిగా ఉంది. అతను బయటికి వచ్చాడు. ముఖంలో ఏమీ లేదు.

"ఏమైందయ్యా? చెప్పు."

"చెప్పుడెందుకు సార్. పట్టుండ్రి."

నా చేయి లాగి అరచేతిలో ఒక చీటీ పెట్టాడు. మర్నాడు పనిలో చేరడానికి గేట్ పాస్. నిర్మల్ సార్ అది నా చేతిలోంచి తీసుకుని, ముందూ వెనకా చూసి, నిజమేనా అన్నట్టు అంచు కొంచెం కొరికాడు.

అక్కడి నుంచి నేరుగా ఏజెంటు దగ్గరికి పోయాం. ఏజెంటుకు నచ్చలేదు.

"గిదేందన్నా. వీసా చేతికొచ్చినంక గిట్ల జేస్తె ఎట్ల? మళ్ళ దొరుకుతదా? అక్కడ నీకు అలవాటైన పనే గద."

"అలవాటైందనే వద్దంటున్న. నా పాస్‌పోర్ట్ నాకు వాపస్ ఇయ్యి."

ఏజెంటు గొణుక్కుంటూనే అల్మారా తెరిచి ఇచ్చాడు. మెట్లు దిగుతూ దుబాయన్న పాస్‌పోర్టు విప్పి ఫొటో వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా ముందు పెట్టాడు.

"చూడుండ్రి సార్. గిది వాపస్. ఎట్ల ఇచ్చిన్నో గట్లనే వచ్చింది. మీసం గూడ నల్లగనే ఉన్నది."

అతని మీసం వైపు చూశాను. అప్పటికే సగం తెల్లబడింది.

"ఊళ్ళె అందరు నన్ను వాపస్ వచ్చిండు అంటరు సార్. వచ్చిన కొత్తల గా మాట వింటె తల ఎత్తబుద్ధి కాకపోయేది. ఏం తెచ్చిండు, ఉత్తగ వాపస్ వచ్చిండు అని. తప్పు మాట సార్ అది. పోయినోడు జొన్నలు. నేను వాపస్ రాలే."

మరి ఎట్లా వచ్చావని నేను అడగలేదు. నిర్మల్ సార్ అడగబోతే కాలు తొక్కాను.

పిల్లలూ, ఆ తర్వాత నేను బోర్డు మీద వాపస్ అని రాయలేదు. గిర్ని అని చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా ఎక్కువ కాలం నడవలేదు. నా చివరి బ్యాచ్‌లో ఒకమ్మాయి లేచి, "గిర్ని అంటే ఏంటి సార్, మేం ప్యాకెట్ పిండి కొంటాం" అంది. మీకు పాఠం చెప్పే రోజు వస్తే మీ మాట మీరే వెతుక్కోండి. దొరికాక మాత్రం సంబరపడి బోర్డు తుడవకండి. ఎదుటివాళ్ళకు అది ఏమని వినిపించిందో ఒకసారి అడగండి.

మొన్న వానలు పడ్డాక చొప్పదండి వైపు పని ఉండి పోయాను. అతని ఇంటి ముందు బండి ఆపి పిలుద్దామంటే గొంతు పలకలేదు. తలుపు కొట్టాను. పిల్ల వచ్చి తీసింది. ఎత్తుగా ఎదిగింది. నేనెవరో చెప్పబోయాను. గాలి తప్ప మాట రాలేదు. మంచం మీద ఫోన్ ఉంది. ఆ పిల్ల దాని వంక చూడలేదు. నన్ను ఒకసారి, గుమ్మం లోపలికి ఒకసారి చూసి, లోపలికే తిరిగి పిలిచింది.

"బాపూ, ఎవలో వచ్చిండ్రు."

అతను తడి చేతులు తుండుగుడ్డకు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.